ఇరవై మూడు నల్ల చుక్కలు

షుగర్‌కు మందు దొరికిందన్న సంతోషంలో పాయసం వండాలని బాలలక్ష్మికి తప్ప ఇంకెవరికీ తోచదు. ఆమెకు తోచడమే ఆలస్యం, మధ్యాహ్నం రెండు దాటేసరికి పొయ్యి మీద సేమియా ఉడుకుతోంది, వాడకట్టంతా కబురు పాకిపోయింది. మందు కనిపెట్టింది ఆమె కోడలు సరితట. పాపం సరిత ఆ మాట అననేలేదు. పొద్దున చాయ్ తాగుతూ, "షుగర్ పనిల ఇరవై మూడు దొరికినయ్ అత్తమ్మా" అని మాత్రం నోరు జారింది.

సరితది కోరుట్ల. సిరిసిల్ల కోడలై మూడేళ్లయింది. హైదరాబాదులో మందుల పరిశోధన చేసే కంపెనీలో ఉద్యోగం. వారంలో రెండు రోజులు అక్కడికి పోతుంది, మిగతా రోజులు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మొగుడు సతీశ్ పొద్దున్నే జగిత్యాల బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రాక. కాబట్టి ఆమె ఉద్యోగం ఏమిటో అర్థం చేసుకోవలసిన భారమంతా అత్తామామల మీదే పడింది.

నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం. దానికి మూడువందల ఎనభైనాలుగు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో రసాయనం చుక్క. దాని మీద, ఒంట్లో చక్కెర పెంచే ఒక ఎంజైమును యంత్రం అన్ని గుంటల్లోనూ ఒకేసారి పోస్తుంది. ఎంజైము పనిచేస్తే గుంట మెరుస్తుంది, రసాయనం దాని ఆట కట్టిస్తే గుంట నల్లబడుతుంది. అలాంటి పళ్లేలు అరవై; పోలిక కోసం వదిలిన గుంటలు పోను రసాయనాలు పంతొమ్మిది వేలు. మనిషి చేత్తో చేస్తే ఏళ్లు పట్టే పనిని యంత్రం రెండు రోజుల్లో ముగించి, ఆ లెక్కను సరితకు పంపింది. నల్లబడినవి ఇరవై మూడు.

"ఇరవై దాటితే ఈ పని తర్వాతి మెట్టు నీకే అప్పగిస్తాను" అని పైఅధికారి ప్రమీల మేడమ్ మాటిచ్చింది. మూడేళ్లుగా ఎవరో కనిపెట్టినవాటికి రంగురంగుల బొమ్మలు గీసిపెట్టడమే సరిత పని. ఇప్పుడు తన పేరు మీద ఒక పని. నాలుగు గంటలకు వీడియో మీటింగు. పొద్దుటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

మూడు గంటలకు మామ నర్సింగం గ్లాసులో చాయ్ పట్టుకొచ్చాడు. నలభై ఏళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి, ఇప్పుడు నేసిన బట్టలో తప్పులు పట్టే పనిలో ఉన్నాడు. తానును బల్ల మీద పరుచుకుంటూ పోవడం, తప్పు కనబడ్డ చోట అంచుకు ఎర్రదారం ముడివేయడం. ఆయన వేసిన ముడిని విప్పించిన సేటు సిరిసిల్లలో పుట్టలేదని ఆయనే చెప్పుకుంటాడు.

తెర మీద అరవై పళ్లేల బొమ్మలు వరుసగా పేర్చి ఉన్నాయి. అందంగా ఉంటాయని సరిత మీటింగు కోసం అప్పుడే అతికించింది. నర్సింగం కళ్లద్దాలు పైకి నెట్టి, కిందికి దించి, మళ్లీ పైకి నెట్టాడు.

"గిది రిజెక్టు బిడ్డా" అన్నాడు.

"ఏంది మామా?"

"గీ బట్ట. గీ కింది వాటన్నిట్ల గా మచ్చ ఒక్క కాడనే ఉన్నది సూడు. నూలు పాడైతే మచ్చ ఏడ వడితే గాడ వడ్తది. గిట్ల ఒక్క కాడనే మళ్ల మళ్ల వడ్డదంటే నూలు తప్పు గాదు, సాంచె తప్పు. దాని దువ్వెనల ఏదో పల్లు వంగింది."

సరితకు ఒళ్లు మండింది. "ఇది బట్ట గాదు మామా! మందు!"

"మందైతేంది? నేసింది మిషినే గదా."

ఆమె విసుగ్గా తెర వైపు తిరిగింది. తిరిగి, పళ్లేలను ఒక్కోటిగా లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదో పళ్లెం నుంచి అరవయ్యో పళ్లెం దాకా, ఇరవై రెండింటిలోనూ నల్లచుక్క ఒకే గుంటలో ఉంది. రసాయనాలు వేరు, గుంట మాత్రం అదే. యంత్రానికున్న సన్నగొట్టాల్లో ఒకటి పని మధ్యలో పూడుకుపోయింది. ఆ గుంటలో ఎంజైము సరిగ్గా పడనేలేదు. పడనిది మెరవమంటే ఎలా మెరుస్తుంది? బలాన్ని బట్టి జాబితా పేర్చుకుని మురిసిపోయిందే తప్ప, ఏది ఏ గుంటలోదో ఆమె చూసుకోలేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే నేర్పే పాఠం అది.

ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

"నాలుగింటికి మీటింగున్నది మామా. ఇయ్యాల్టికి ఇరవై మూడే చూపిస్త. వారమైనంక వాళ్లకే తెలుస్తది." గొంతు ఆమెకే చిన్నగా వినిపించింది.

నర్సింగం మంచం అంచున కూర్చున్నాడు. "మందు వస్తే ముందుగాల మింగేది నేనే గద బిడ్డా. పదేండ్ల సంది షుగర్ నాకు. రావాల్నని నాకుండదా? అయినా తప్పు కనవడ్డంక ముడి ఎయ్యకుంటె నాకు బువ్వ దిగదు."

సరిత ముక్కు తుడుచుకుంది. ఇరవై రెండు చుక్కల చుట్టూ ఒక్కోటిగా ఎర్రగీత గీసింది. చివరికి ఒక్కటి మిగిలింది, పదకొండో పళ్లెంలో, ఎక్కడో మూలకు. జాబితాలో అట్టడుగున ఉండి పొద్దుటి నుంచీ ఆమె లెక్కచేయని బక్కచుక్క. నర్సింగం వంగి చూశాడు.

"గిది ఒంటిగున్నది. గిది నూలుదే, సాంచెది గాదు."

నాలుగింటికి సరిత మొదటి మాటే, "మేడమ్, ఇరవై రెండు పోయినయ్" అంది. కంగారులో ఇంటి యాస వచ్చేసింది. పూడుకుపోయిన గొట్టం సంగతి గబగబా చెప్పేసింది.

"ఎవరు పట్టారు?" అని అడిగింది ప్రమీల.

"మా మామ, మేడమ్."

"ఏ ల్యాబ్‌లో చేస్తారు?"

"ల్యాబ్ కాదు మేడమ్. సిరిసిల్లలో బట్ట చూస్తారు."

ప్రమీల నవ్వాపుకోలేకపోయింది. తర్వాత గొంతు సవరించుకుంది. "యంత్రం బాగుచేయించి మళ్లీ నడిపిద్దాం. ఆ మిగిలిన ఒక్కదాన్ని మన కెమిస్టులతో కొత్తగా తయారు చేయించు. దాని పోలికతో చిన్నచిన్న మార్పులు చేసి ఇంకో పది కూడా. అవైనా నిలుస్తాయేమో చూద్దాం. ఆ ఒక్కటి నీది సరితా."

గదిలోంచి బయటికొస్తే వరండాలో మల్లవ్వ కూర్చుని ఉంది. పక్కింటామె, చేతిలో షుగర్ రిపోర్టు, సంచిలో మందు పోయించుకోవడానికి ఖాళీ సీసా.

"మందేది బిడ్డా?"

"అన్నీ కలిసొస్తే పది, పన్నెండేండ్లకు అవ్వా."

మల్లవ్వ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. "పన్నెండేండ్లా! అయితే గా పాయసమన్నా పొయ్యి బాలలక్ష్మీ, సల్లారిపోతది."

ఆ సందట్లో నర్సింగం కూడా చల్లగా గిన్నె చాపాడు. బాలలక్ష్మి గరిటె వెనక్కి లాక్కుంది. "నీకు షుగర్ లేదా?"

"కోడలు మందు దొరకవట్టింది గదనే!"

సరిత అత్త చేతిలోంచి గరిటె తీసి పక్కన పెట్టింది. చిన్న చెంచా తెచ్చి, ఒక చెంచాడు పాయసం తీసి మామ గిన్నెలో వేసింది. ఆయన గిన్నెను అటూ ఇటూ వంచి చూసుకున్నాడు.

"ఒక్కటేనా బిడ్డా?"

"ఒక్కటే మిగిలింది గద మామా."