మైల సెలవు

పెద్దాసుపత్రి వెనకాల, జనరేటరు గది దాటాక, ఎప్పుడూ చల్లగా ఉండే హాలొకటి ఉంది. పోయినవాళ్ళని సొంతవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా అక్కడే ఉంచుతారు. అందులో పనిచేసే మనిషిని అందరూ పొడుగాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. ఆ గుమ్మం కింద రోజూ వంగి నడిచీ నడిచీ కాబోలు, ఎప్పుడు చూసినా ఎవరికో దణ్ణం పెట్టబోతున్నవాడిలాగే ఉంటాడు.

అతనికో అలవాటు. ఎవరినైనా ఎత్తబోయే ముందు చెవి దగ్గరకి వంగి నాలుగు మాటలు చెబుతాడు. తోటి పనివాడు మొదట్లో నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. ఆ మాటలు పొడుగాయన సొంతవి, అదే అతని దిగులు. తన నోటి మాట ఎంతవరకు చేరుతుంది? పెద్దవాళ్ళ దగ్గర పుచ్చుకున్న అసలైన మంత్రం ఒక్కటి దొరికితే, కనీసం ఎవరూ రాని అనాథలకైనా అది చెప్పి పంపుదును కదా అని ఏళ్ళ తరబడి అతని ప్రాణం కొట్టుకుంటోంది.

అతని భార్య జాకెట్లు కుట్టే కొట్టు మీది అంతస్తులో ఓ గురువుగారు దిగారు. వారం వారం ఉపదేశాలిస్తున్నారు.

"అడిగి చూడవయ్యా, నోరేం అరిగిపోదు" అంది భార్య.

రెండుసార్లు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. చెప్పుల పక్కన, ఆఖరి వరసలో కూర్చున్నాడు. మొదటి వరసలో పట్టు కండువాతో పోస్టుమార్టం డాక్టరుగారు కనిపించారు. పొడుగాయన సంబరపడి తల ఊపాడు. డాక్టరుగారు చూశారో లేదో మరి, సీలింగు ఫ్యాను వైపు తిరిగారు.

తన వంతు వచ్చింది. గురువుగారు మెత్తని మనిషి.

"ఏం చేస్తుంటావు నాయనా?"

చెప్పాడు. దీవించబోయిన గురువుగారి చెయ్యి కండువాలోకి వెళ్ళిపోయింది. ఆయన కసురుకోలేదు. కసురుకుంటే కనీసం కోపమైనా తెచ్చుకోవచ్చు.

"మంత్రానికి అధికారం ఉండాలి నాయనా. శవాన్ని ముట్టినవాడికి పది రోజుల మైల. అది తీరాక రా, చూద్దాం" అన్నారు.

రోజూ శవాల మధ్య బతికేవాడికి మైల తీరేదెప్పుడు? కాస్త లోకం తెలిసినవాడెవడికైనా ఇది 'ఇక రావద్దు' అనే మాటని వెంటనే తెలిసిపోతుంది. పొడుగాయనకి ఆ తెలివి లేదు. ఎవరేం చెప్పినా అదే వాళ్ళ మనసులోని మాటని నమ్మే రకం. మెట్లు దిగి పరుగులాంటి నడకతో కొట్లోకొచ్చాడు.

"పది రోజులేనటే! పది రోజులు ఎవరినీ ముట్టుకోకపోతే చాలట! మన డాక్టరుగారు కూడా వచ్చారక్కడికి!"

భార్య మిషను తొక్కడం ఆపేసింది.

"ఆ డాక్టరుకి ఇచ్చారా మంత్రం?"

"ఇచ్చారు."

"ఆయన కోస్తాడు, నువ్వు కడుగుతావు. కోసినవాడికి లేని మైల కడిగినవాడికెక్కడిదయ్యా?"

"పెద్దవాళ్ళు స్నానం చేసి వస్తారు కదే."

"నువ్వు మట్టితో వెళ్ళావా మరి?"

 ఆ సంతోషంలో పొడుగాయనకి దానికి జవాబు వెతికే తీరిక లేదు. మర్నాడే సెలవు అడిగాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ సెలవు పెట్టనివాడు అడిగేసరికి ఆఫీసరు కంగారుపడ్డాడు.

"అయ్యో, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండి. పోయినవాళ్ళ జోలికి వెళ్ళకూడదనే సెలవు."

ఇక ఇంట్లో మొదలయింది భార్య అవస్థ. దారం కండెలు రంగుల వారీగా సర్దాడు, ఆవిడకి కావలసినది ఒక్కటీ దొరకలేదు. అలవాటు కొద్దీ, కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడతో "కదలకుండా పడుకోండి" అనబోయి నాలిక్కరుచుకున్నాడు. వీధిలో ఓ శవం వెళ్తుంటే ఆమడ దూరం తప్పుకున్నాడు. తప్పుకున్నాడే గానీ అన్నం సయించలేదు.

"ఎత్తేముందు ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో" అన్నాడు, కంచం ముందు కూర్చుని.

ఆవిడ ఇంకో ముద్ద వడ్డించింది. ఇలాంటి మనిషిని ఏమని తిడతారు?

గడువు రేపటితో తీరుతుందనగా, మధ్యాహ్నం ఫోను మోగింది. తోటి పనివాడు.

"అన్నా, నడుం పట్టేసింది, వంగలేకపోతున్నా. ఒక పెద్దావిడ ఉంది. వెంట వచ్చింది ఒక్కడే, ముసలాయన, గుమ్మం దాటి లోపలికి రానంటున్నాడు. డ్రైవరు ముట్టుకోనంటున్నాడు. నేనొక్కణ్ణీ ఎత్తితే ఆవిణ్ణి పడేస్తానేమోనని భయంగా ఉందన్నా."

పొడుగాయన ఫోను పెట్టేసి సంగతి భార్యకి చెప్పాడు.

"ఒక్క పూట ఆగితే అయిపోతుంది కదయ్యా. ఇంకెవరూ లేరా?" అంది భార్య.

"ఉంటే నాకెందుకు చేస్తాడే?"

ఆ మాట అంటుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ ఆశ, చేతికందే దూరంలో ఉంది. భార్య లేచి లోపలికెళ్ళి పని చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఉతికి మడతపెట్టి ఉంది.

"నువ్వు ఆగవని నాకు తెలుసు. వెళ్ళు, ఆవిణ్ణి పడేస్తారు" అంది.

చల్లని హాలు గుమ్మం ముందు, నలిగిన కండువాతో ఒక్కరే నిలబడి ఉన్నారు గురువుగారు. శిష్యులెవరూ లేరు. తోటి పనివాడు నడుం పట్టుకుని ఓ పక్క గోడకి చేరగిలబడ్డాడు. లోపలున్నది ఆయన అక్కగారు. తల్లి లేని తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషి.

"నువ్వా?" అన్నారు గురువుగారు. "ఇన్నాళ్ళూ సెలవులో ఉన్నాడని ఇతను చెప్పింది నీ గురించేనా?"

"అవునండి. తమరు చెప్పారు కదా. రేపటికి తీరిపోయేది. పరవాలేదండి, మళ్ళీ మొదటినుంచి పెడతాను."

గురువుగారికి అప్పుడర్థమైంది. తాను మర్యాదగా వదిలించుకున్న మనిషి తన మాట నమ్మి నిజంగానే ఇన్ని రోజులూ కాచుకు కూర్చున్నాడు. ఆయన తల దించుకుని గోడకి ఆనుకున్నారు.

పొడుగాయన లోపలికెళ్ళి, చేతులు కడుక్కుని, పెద్దావిడ జుట్టు దువ్వి ముడి వేశాడు. చీర చెంగు సర్దాడు. చెవి దగ్గరకి వంగి ఏదో అన్నాడు.

"ఏం చెబుతున్నావు మా అక్కకి?" గుమ్మం అవతలి నుంచి అడిగారు గురువుగారు.

పొడుగాయన సిగ్గుపడ్డాడు. "పెద్ద మాటలేం కావండి. 'అమ్మా, నేనొచ్చాను. ఇప్పుడు ఎత్తుతాను, భయపడకు. మనవాళ్ళు బయటే ఉన్నారు' అంటాను. నాకు మంత్రాలు రావు కదండి. అందుకే తమరి దగ్గరకొచ్చింది. తమరు ఇస్తే అది చెప్పి పంపుదామని."

"వీళ్ళకి చెప్పడానికా? నీకోసం కాదా?"

"నాకోసం ఏముందండి?"

గురువుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇస్తాను నాయనా. మైలా లేదు, ఏమీ లేదు. ఇప్పుడే ఇస్తాను" అన్నారు. అన్నాక, నియమం తప్పని మనిషి కనుక, కష్టంగా ఇంకో మాట కలిపారు. "కానీ అది ఇంకొకరికి చెప్పకూడదు. నేను పుచ్చుకున్నప్పుడూ అదే కట్టడి."

 పొడుగాయన పెద్దావిడ ముఖం వైపు చూశాడు, తర్వాత అవతల బల్లల మీద, తమ కోసం ఎవరూ రాని మరో ఇద్దరి వైపు చూశాడు.

"అయితే వద్దులెండి" అన్నాడు.  "దాచుకునే మాటతో నాకు పనిలేదండి."

గురువుగారు గుమ్మం దాటి లోపలికొచ్చారు. చెప్పులు ఎక్కడో విడిచేశారు. 

"తమరు కాళ్ళవైపు పట్టుకోండి, తల నేను పట్టుకుంటాను. ముందు ఆవిడకి చెప్పండి. చెప్పకుండా ఎత్తితే ఉలిక్కిపడతారు" అన్నాడు పొడుగాయన.

గురువుగారు అక్క చెవి దగ్గరకి వంగారు. మళ్ళీ తలెత్తి పొడుగాయన వైపు చూశారు.

"నువ్వు ఏమన్నావు ఇందాక? మళ్ళీ చెప్పు నాయనా, నీ వెనకే అంటాను."

"నేనొచ్చాను" అన్నాడు పొడుగాయన మెల్లగా.

"అక్కా, నేనొచ్చాను."

"ఇప్పుడు ఎత్తుతాను, భయపడకు."

"ఎత్తుతానక్కా. భయపడకు."

"మనవాళ్ళు బయటే ఉన్నారు."

ఆ మాట దగ్గర గురువుగారు ఆగిపోయారు. అక్క చెంప మీద చెయ్యి ఆనించారు.

"ఇక్కడే ఉన్నానక్కా" అన్నారు.

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ఎత్తారు.