నన్ను చివర ఎక్కించండి

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మా ఎయిర్‌పోర్టులో ఎవర్నడిగినా ఆ సంగతి చెప్తారు. ఊడ్చి తుడిచే ఆడవాళ్ళందరికీ నేనే పెద్దని. తడి నేల మీద బూట్లతో నడిచినవాడు పైలట్ అయినా సరే, నా నోట్లో పడ్డాడంటే వాడి పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని, ఇవాళ పొద్దుట్నుంచీ ఒక్కరి మీద కూడా నోరు చేసుకోలేదు. ఒంట్లో బాలేదా అని అడుగుతున్నారు. బాగానే ఉంది తల్లీ, ఇంత బాగా ఎప్పుడూ లేదు.

మాది చిన్న ఎయిర్‌పోర్టు. విమానం దూరంగా ఆగుతుంది, జనం ఎండయినా వానయినా నడిచి వెళ్ళి మెట్లెక్కాలి. నడవలేనివాళ్ళని చక్రాల కుర్చీతో సహా తలుపు దాకా లేపే లిఫ్టు బండి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఉంటుంది. మాకు లేదు. మా దగ్గర ఆ పని సామాన్లు ఎక్కించే ఇద్దరు చేసేవాళ్ళు. ఒకాయన పొడుగన్న, ఇంకొకాయన బొద్దన్న. మనిషిని చెరోవైపు పట్టుకుని, చేతుల మీద మోసుకుంటూ ఆ ఇరుకు మెట్లెక్కేవాళ్ళు.

అలా మోయించుకునేవాళ్ళలో మా చెల్లి ఒకతి. దానికి నరాల జబ్బు, కాళ్ళు ఎప్పుడో పడిపోయాయి. జబ్బు చేతులకి పాకకుండా ఉండాలంటే కొన్నాళ్ళకోసారి రాజధానికి వెళ్ళి వెన్నులో ఇంజెక్షను చేయించుకోవాలి. రోడ్డు కుదుపులు తట్టుకోలేదని డాక్టరు తేల్చేశాడు, కాబట్టి విమానమే గతి. నేను సెలవు పెట్టి తోడు వెళ్తాను. అది బట్టలు కుడుతుంది. పాత కర్టెను దాని చేతికిచ్చినా నలుగురిలో వేసుకెళ్ళే గౌను చేసిస్తుంది. ఆ చేతులంటే దానికి ప్రాణం.

పోయినేడు ఒకసారి తిరిగొచ్చాక నాతో తెగేసి చెప్పింది.

"ఇదే ఆఖరక్కా. ఇంక నేను వెళ్ళను."

"ఏమే, ఇంజెక్షను మానేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. ఇద్దరు మగాళ్ళ మెడల చుట్టూ చేతులేసి వేలాడుతుంటే, గాలికి బట్ట లేచినా సర్దుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ ఉండదు. అది నీకేం తెలుస్తుంది?"

తిట్టాను, బతిమాలాను, తిండి మానేశాను. చివరికి "సరే, ఇంకొక్కసారికి వస్తాను, నీ పోరు పడలేక" అంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు.

పొడుగన్న, బొద్దన్నల్ని మాత్రం ఒక్క మాట అనకూడదు. దాని సిగ్గు కనిపెట్టి వాళ్ళే ఒక పద్ధతి పెట్టారు. మిగతా ప్రయాణికులందర్నీ లోపలే ఆపి, తలుపులేసి, ముందు దాన్ని ఎక్కించేవాళ్ళు. నేను పక్కనే గొడుగు అడ్డం పట్టుకుని నడిచేదాన్ని. జనం వచ్చేసరికి అది ఒళ్ళో దుప్పటి కప్పుకుని కిటికీ పక్కన మహారాణిలా కూర్చుని ఉండేది. నడవలేనివాళ్ళు ఎవరొచ్చినా ఇదే పద్ధతి. ఒక్కరూ ఎవరి కంటా పడేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా చట్టసభ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. ఏ ఎయిర్‌పోర్టు బాగుకి నిధులివ్వాలో వాళ్ళే చెప్తారట. మేనేజరు అందర్నీ పిలిచి, "లిఫ్టు బండి అడుగుదాం, పైకప్పు అడుగుదాం, అందరూ సహకరించండి" అన్నాడు. సహకరించడమంటే మాకు తెలిసింది ఒకటే. పెద్దవాళ్ళొస్తున్నారంటే ఇల్లు సర్దడం. పైకప్పు కారే చోట బక్కెట్లు తీయించి పూలకుండీలు పెట్టించాను. పగిలిన టైళ్ళ మీద కార్పెట్ పరిపించాను. గోడ మీద చెమ్మ మరకకి అడ్డంగా కొండల బొమ్మ ఒకటి తగిలించాం. నేల అద్దంలా మెరిసింది. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను.

వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. చూడ్డం అయ్యాక మా విమానంలోనే వెనక్కి వెళ్తారు. కమిటీకి పెద్ద, తల నెరిసిన ఒకావిడ. చుట్టూ చూసి, "ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అంది. నేను ఉబ్బిపోయాను. పక్కనున్న కళ్ళజోడాయన, "నిజమేనండి. ఇంత బాగున్నదానికి ఇంకా నిధులెందుకు? అవసరమున్న ఊరు ఇంకేదైనా చూద్దాం" అన్నాడు.

మేనేజరు లిఫ్టు బండి సంగతి నసిగాడు.

"అది లేక ఎవరన్నా ఇబ్బంది పడ్డారా? ఫిర్యాదులేమన్నా ఉన్నాయా?" అని అడిగిందావిడ.

"ఫిర్యాదులంటే... ఏమీ లేవు మేడం" అన్నాడు. ఉంటే కదా చెప్పడానికి!

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొకరినైతే దులిపేసేదాన్ని, చేసింది నేనాయె. చేతులారా చేసుకున్నాం కదరా భగవంతుడా! పోనీ ఓ వానైనా పడదేం, కుండీల నిండా కారిపోతుంది అని బయటికి చూశాను. నిక్షేపంగా ఎండ కాస్తోంది.

చెల్లి ఒప్పుకున్న ఆ ఒక్క ప్రయాణమూ ఆ రోజే. అది తలుపు పక్కనే కుర్చీలో ఉంది. అంతా వింది. పొడుగన్న వచ్చి, "పద చెల్లెమ్మా, తలుపులేసేస్తాం" అన్నాడు.

"ఆగన్నా. ఇవాళ నన్ను చివర ఎక్కించండి."

"నీకేమన్నా మతిపోయిందా? అందరూ అక్కడే ఉంటారే!" అన్నాను.

"ఉండనీ. కనపడకపోతే ఎలా ఇస్తారక్కా? నువ్వా గొడుగు కూడా తీసుకురాకు." గొడుగు మడిచి గోడకి ఆనించేశాను.

ప్రయాణికులంతా ఎక్కేశారు. మెట్ల కింద కమిటీవాళ్ళు మేనేజరు దగ్గర సెలవు తీసుకుంటున్నారు. మా కుర్చీ వచ్చేసరికి పక్కకి తప్పుకున్నారు. అన్నలిద్దరూ దాన్ని ఎత్తుకున్నారు. సగం మెట్లెక్కారో లేదో గాలి విసిరింది, దాని బట్ట మోకాళ్ళ పైకి లేచింది. నేను వెనకే ఉన్నా నా చెయ్యి అందలేదు. బొద్దన్న కాలు ఒక్కసారి తడబడింది. చెల్లి కెవ్వుమంది. కింద కళ్ళజోడాయన పట్టుకోబోతున్నట్టు రెండు చేతులూ చాచేశాడు. విమానం కిటికీల్లో అన్నీ తలకాయలే. నాకు తల కొట్టేసినట్టయింది.

పైన విమానం తలుపు పక్కనే ఉన్న సీట్లో కూర్చోబెట్టాక అది కిందికి తిరిగింది.

"అమ్మగారూ, ఫిర్యాదు లేదన్నారు కదా, నిజమే. ఈ అన్నల మీద నాకే ఫిర్యాదూ లేదు. నన్ను పువ్వులా మోశారు, ఎవరి కంటా పడకుండా దాచారు. అందుకే మీకూ కనపడలేదు. పుణ్యముంటుంది, ఆ బండి ఇప్పించండి. లేకపోతే నేను మళ్ళీ ఈ మెట్లెక్కను, నా చేతులు కూడా పోతాయి."

పెద్దావిడ, "నేను ఇక్కణ్ణుంచి ఎన్నిసార్లు ఎక్కానో. ముందు ఆ తలుపులెందుకేస్తారో ఒక్కసారీ అడగలేదమ్మా" అంది.

ఇంక నా నోరు ఆగలేదు. "అంతేకాదండీ, ఆ కుండీలున్న చోట పైకి చూడండి. కార్పెట్ ఎత్తి చూడండి. ఆ కొండల బొమ్మ వెనక చూడండి. కప్పింది నేనే!" అన్నాను. మేనేజరు మొహం వాడిపోయింది. ఆవిడ మాత్రం విమానాన్ని ఆపించి, వెనక్కి నడిచి, తన చేత్తోనే కార్పెట్ ఎత్తింది. ఆవిడ చల్లగా ఉండాలి.

సభలో ఆవిడ మా గురించి గట్టిగా మాట్లాడిందట. నిధులిచ్చారు. పైకప్పు పని ఇంకా సాగుతోంది, సుత్తుల మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయి, పడనీ. లిఫ్టు బండి మాత్రం నిన్ననే దిగింది. ఇవాళ మా చెల్లి ఎక్కింది.

కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పైకి లేచింది. పక్కన నేను. కింద బొద్దన్న చెయ్యూపుతూ, "మమ్మల్ని మర్చిపోకు చెల్లెమ్మా" అని అరిచాడు. "ఎలా మర్చిపోతానన్నా, మీ దయవల్లే ఇంకా కుడుతున్నాను" అంది చెల్లి. పొడుగన్న అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. వాళ్ళిద్దరి కాళ్ళూ కడిగినా నా రుణం తీరదు.

విమానం తలుపు దగ్గరికి వచ్చాక చెల్లి ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. వచ్చేసారి ఇంజెక్షనుకి అప్పుడే టికెట్టు కొనేసింది. ఒకటే టికెట్టు.

"నాదేదే?" అన్నాను.

"నువ్వెందుకక్కా ఇంక? నేనే వెళ్ళొస్తాను."