షాపు సెట్టు గరగర

షాపు తెరవగానే మెకానిక్ చేసే మొదటి పని బల్ల మీద దూది ఉండ పెట్టుకోవడం. స్క్రూడ్రైవర్లూ స్ప్రే డబ్బా ఆ తర్వాతే. పాత ఆంప్లిఫయర్లలో వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనే రోగానికి ఆ వీధిలో అతనే డాక్టరు. మూత విప్పి, నాబ్ వెనకాల ఉండే చిన్న సందులోకి స్ప్రే కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ముప్ఫై సార్లు తిప్పితే లోపలి దుమ్ము కరిగిపోతుంది. తిప్పాల్సింది మాత్రం సెట్టు తెచ్చినవాళ్ళే. ఎందుకంటే ఇంట్లోవాళ్ళు సౌండు తగ్గించి గుట్టుగా మాట్లాడుకున్న మాటలన్నీ ఆ దుమ్ములోనే పేరుకుంటాయి. కడిగేటప్పుడు, కరెంటు లేకపోయినా సరే, ఒక్కసారి పైకి వినబడి, దుమ్ముతో పాటే పోతాయి. ఆ కాసేపూ మెకానిక్ చెవుల్లో దూది పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడతాడు. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. ఒకసారి ఒక మాస్టారు సగం తిప్పి, ముఖం కందగడ్డలా చేసుకుని, "గరగరే నయమయ్యా" అంటూ సెట్టు చంకన పెట్టుకుపోయాడు.

సెట్టు తీసుకెళ్ళేవాళ్ళకి మెకానిక్ చెప్పే జాగ్రత్తలు మూడే. వారానికోసారి నాబ్‌ని ఊరికే పూర్తిగా తిప్పండి, పైన గుడ్డ కప్పండి, నూనె మాత్రం వేయకండి. నూనె వేస్తే ఆ పూటకి నున్నగా తిరుగుతుంది గానీ, నెల తిరక్కుండా దుమ్మంతా పట్టుకుని ముందుకంటే ఘోరంగా అరుస్తుంది.

అలాంటి మనిషి బాగుచేసిన సెట్లే ఏడాదిగా వెనక్కి వస్తున్నాయి. విప్పి చూస్తే లోపల కుట్టుమిషను నూనె. సెట్లు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం అంతా కౌంటర్లో కూర్చునే అక్క మొగుడు చూసుకుంటాడు. ఆయనే మెల్లగా చెప్పాడు.

"స్ప్రే అనుకుని నూనె సీసా పట్టుకుంటున్నావు బామ్మర్దీ. నిన్న కూడా చూశా. చెబితే బాధపడతావని ఊరుకున్నా."

మెకానిక్‌కి అలా చేసినట్టు గుర్తే లేదు. గుర్తు లేకపోవడమే కదా అసలు జబ్బు. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకుని పట్టుకుని "ఎవరబ్బాయివి బాబూ" అని అడిగేవాడు. మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చేసరికి మెకానిక్ తన రెండు చేతుల వంకా చూసుకుంటూ కూర్చుని ఉండేవాడు. "నాన్నకీ ఇలాగే మొదలైందిరా" అని అక్క కళ్ళొత్తుకుని, అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేది. యాభై దాటిన మనిషి, సిగ్గు వదిలేసి తినేవాడు.

చివరికి పని మానేసి షాపు బావకి అప్పజెప్పడానికి ఒప్పుకున్నాడు. బోర్డు మీద పేరు మార్చాలని ఆఖరి రోజు మధ్యాహ్నం బావ పెయింటర్ని పిలుచుకురావడానికి వెళ్ళాడు. పోయేముందు ఒక్క పనైనా సవ్యంగా చేసి పోదామనిపించింది మెకానిక్‌కి. మిగతా సెట్లని పరీక్షించడానికి వాడే షాపు సెట్టు కొన్నాళ్ళుగా గరగరమంటోంది. విప్పబోయినప్పుడల్లా "దాని జోలికెందుకు, అలవాటైపోయిందిగా" అని బావ ఆపేవాడు.

డబ్బా మీద పేరు రెండుసార్లు పైకి చదువుకుని మరీ స్ప్రే కొట్టాడు. సొంత సెట్టు కదా, దూది అక్కర్లేదు. తనే తిప్పాడు. బావ గొంతు వచ్చింది.

"రెండు చుక్కలు చాలు. ఏ సెట్టయినా ఇచ్చేముందు నేనే వేస్తున్నా. తనకి మతి పోతోందనే అనుకుంటున్నాడు పిచ్చోడు. ఇంకో నెలలో తనే తప్పుకుంటాడు చూడు."

మెకానిక్ చెయ్యి నాబ్ మీదే ఆగిపోయింది. తన బుర్ర బాగానే ఉందని తెలిసి ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆ తర్వాత, ఇలాంటివాడితో అక్క ఎలా కాపురం చేస్తోందో అని అక్క మీద జాలేసింది. అంతలో అక్కే క్యారేజీతో లోపలికి వచ్చింది.

"కూర్చో అక్కా. నాకే జబ్బూ లేదు. నూనె వేసింది బావ. నేను చెబితే నమ్మలేవు, మిగతాది నువ్వే తిప్పి విను."

అక్క కూడా ఆ నాన్న ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, నాబ్‌లో ఏముంటుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. నాబ్ వంక చూసింది గానీ చెయ్యి చాచలేదు.

"ఇప్పుడెందుకురా అవన్నీ. అన్నం చల్లారిపోతుంది, ముందు తిను."

"ఒక్కసారి తిప్పక్కా."

"వద్దురా." రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

అతనికి అప్పుడే అర్థమైపోయింది. అయినా తన చేత్తోనే తిప్పాడు. ఈసారి వచ్చింది అక్క గొంతు.

"నాన్న సంగతి నేనెత్తుతాలే. నేను చెబితే నమ్ముతాడు. చిన్నప్పట్నుంచీ అంతే, నేనేం చెప్పినా నమ్ముతాడు."

దాంతో దుమ్మంతా పోయింది. నాబ్ చప్పుడు లేకుండా తిరిగింది.

"మా అబ్బాయికి ఓ దారి చూపించాలి కదరా," అంది అక్క నేల చూస్తూ. "నువ్వు ఒంటివాడివి, నీకు షాపెందుకులే అనుకున్నాం."

"అడిగితే ఇచ్చేసేవాణ్ణి. షాపు కావాలంటే షాపు తీసుకోవాలి గానీ నా మతి మీద కొట్టారేంటక్కా? నేను చేతులు చూసుకుని కుమిలిపోతుంటే, అంతా తెలిసే ముద్దలు పెట్టావా?"

అక్క క్యారేజీ అక్కడే వదిలేసి మెట్లు దిగింది. పెయింటర్‌తో వస్తున్న బావ ఆమె ముఖం చూసి, లోపల విప్పి ఉన్న సెట్టు చూసి, ఆమె వెనకాలే వెళ్ళిపోయాడు. పెయింటర్ మాత్రం బ్రష్షు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మార్చేదేం లేదు. అదే పేరు మళ్ళీ దిద్దు," అన్నాడు మెకానిక్.

ఇప్పుడు షాపులో ఒక్కడే పని చేసుకుంటాడు. మధ్యాహ్నం అన్నం తనే కలుపుకుంటాడు. మతి నిక్షేపంగా ఉంది. అందుకే అక్క అన్న ఒక్క మాట కూడా మరిచిపోలేకపోతున్నాడు.