వాషరక్క అడిగిన ప్రశ్న

"గచ్చు మీద మళ్ళీ ఆయిల్ మరక. ఇది ఇల్లా, షెడ్డా?" అంది అత్తగారు, నేనింకా చీపురైనా పట్టకముందే. ఇల్లయినా షెడ్డయినా తుడిచేది నేనే కాబట్టి ఆ తేడా నాకు పెద్దగా తెలియదు. సబ్బునీళ్ళు పోసి రుద్దుతుంటే బండి కింద నుంచి ఇంకో చుక్క నా చేతి పక్కనే పడింది.

ఆ బండి నాది. పెళ్ళికి ముందు నా జీతంతో కొనుక్కున్నాను. తెల్లారకముందే దానిమీద ఇల్లిల్లూ తిరిగి రక్తం శాంపిళ్ళు తెచ్చి ల్యాబులో ఇవ్వడం నా ఉద్యోగం. బండి లేకపోతే ఉద్యోగం లేదు. దానికి ఆయిల్ మార్చేది మాత్రం మా ఆయన. ఆడవాళ్ళకి స్పానరు పట్టుకోవడం రాదని ఆయన నమ్మకం. ట్రే పెట్టడం, టార్చి పట్టుకోవడం, తర్వాత ఆయన చొక్కా ఉతకడం అయితే నాకొచ్చు. ఆయిల్ కారినప్పుడల్లా ఆయన చేసే వైద్యం ఒకటే, ఇంజను కింద ఆయిల్ దించే బోల్టుని ఇంకాస్త బిగించడం. ఈసారి ఆయనకే విసుగొచ్చింది. "రేపు నీకు సెలవేగా, ఒకాయన బండి చూడ్డానికొస్తాడు. అమ్మేద్దాం. ఇంటిపట్టున ఉంటే నీకూ సుఖం" అన్నాడు, నాకేదో బహుమతి ఇస్తున్నట్టు. "పొద్దున్నే వేడిగా నాలుగు ముద్దలైనా దొరుకుతాయి" అంది అత్తగారు. నా సుఖం గురించి ఇంట్లో ఇంత బెంగ ఉందని నాకు తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

ఆయన బయటికెళ్ళాక నేనే ట్రే పెట్టి, ఆయిల్ దించేసి, ఆ బోల్టు పట్టుకుని స్పేర్ పార్టుల దుకాణానికి నడిచాను. కౌంటరు వెనక ఉండే ఆవిడని వీధంతా వాషరక్క అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరట. ఆమె దాన్నే బోర్డు మీద రాయించుకుంది. "ఈ బోల్టు దగ్గర ఆయిల్ కారుతోందండి. నాకివేవీ రావు, మా ఆయన ఊళ్ళో పనిమీద వెళ్ళారు, అందుకని నేను..." అని సంజాయిషీ మొదలుపెట్టాను. "వాషరు వేసేది బండికి కదమ్మా, మీ ఆయనకి కాదుగా. బోల్టు ఇటివ్వు" అంది.

బోల్టుకి అతుక్కుపోయిన పాత వాషరు ఊడదీసి, నా వేలు పట్టుకుని దానిమీద పెట్టింది. గుండ్రంగా గాడి పడి ఉంది. "ఇది మెత్తటి అల్యూమినియం. మొదటిసారి బిగించినప్పుడే నలిగి సందు మూసేస్తుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది పడాలి. నలిగినదాన్నే వేసి బలం చూపిస్తే బోల్టు తిరిగే మరలు, అదే థ్రెడ్లు, పోతాయి. నీ అదృష్టం, ఇంకా పోలేదు." గాజు బల్ల మీద నాలుగు వాషర్లు పరిచింది. "ఏది వేస్తావు?"

నన్నే అడిగింది. మా ఇంట్లో కూరేం వండాలో కూడా నన్నడగరు, చెప్తారు. గట్టిగా ఉంది కదా అని రాగిది చూపించాను. ఆమె నవ్వలేదు. "గట్టిదైతే ఇంకా గట్టిగా బిగించాలి. నీ ఇంజను అడుగు ఓర్చుకోదు." రబ్బరు అంచున్నది చూపిస్తే, "నీ బోల్టు తల చిన్నది, రబ్బరు బయటికి తన్నుకొస్తుంది" అంది. మిగిలినవి రెండూ మెత్తటివే. బోల్టుకి ఎక్కించి చూశాను. ఒకటి వదులుగా ఊగింది, రెండోది కదలకుండా కూర్చుంది. "ఇది" అన్నాను. "మరి రాదన్నదెవరు?" అంది. ఎంత ముచ్చటేసిందో ఆ మనిషిని చూస్తే! తనకొచ్చిన విద్యతో ఎదుటివాళ్ళ నెత్తిన మొట్టకుండా, దాన్ని వాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికొచ్చి కొత్త వాషరు వేసి, బోల్టు చేత్తో తిరిగినంత తిప్పి, ఆమె చెప్పినట్టు బలం చూపించకుండా స్పానరుతో కొంచెమే బిగించాను. ఆయిల్ పోస్తుంటే మా ఆయన వచ్చాడు. "అంతేనా బిగించడం? ఇలా తే" అని స్పానరు కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

మర్నాడు పొద్దున బండి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి తాళంచెవి తీసుకుని బండి కాసేపు నడిపి చూశాడు. ఆపి, వంగి ఇంజను కింద వేలు రాసి చూసుకున్నాడు. "ఒక్క చుక్క లేదే! పని ఎవరు చూసుకుంటారు?"

"నేనే" అన్నాడు మా ఆయన, అలవాటుగా.

"నిన్నటిదాకా" అన్నాను, ఆ పెద్దమనిషి చేతిలోంచి తాళంచెవి తీసుకుంటూ. "అమ్మేది లేదండీ."