గొడుగు మూసిన చప్పుడు

నేను కాళ్ళ హార్మోనియాన్ని. నాటకాలవాళ్ళు ముద్దుగా హార్మణీ అనేవారు. హారమూ లేదు, మణీ లేదు. ఒంటినిండా టేకు చెక్క, కడుపునిండా గాలి. కాలితో తొక్కితే లోకంలో ఎవరైనా ఏడుస్తారు. నేను పాడతాను.

ముసలితనంలో నాకు జపాను యోగం పట్టింది. తెనాలి కాలేజీలో సంగీతం చెప్పే హైమవతి, పద్యనాటకాల కోదండపాణి గారికి ఫోన్ చేసి, తనకొక టాంకా పాడిపెట్టాలని అడిగింది. ఆయన చెవికి అది ట్యాంకుగా చేరింది. నీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవంలో ప్రార్థన కాబోలనుకుని ఇస్త్రీ పంచె కట్టాడు. ఊరుకున్నాడా, ఇక రోజూ నీళ్ళొస్తాయని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. ఆయన వీధి ఆడవాళ్ళు బిందెలు తోమి పెట్టుకున్నారు.

ఆయనా నేనూ పాతవాళ్ళమే. రాజమండ్రిలో ఒక వడ్రంగి నన్ను చేశాడు, నా గొంతులోని రీడ్లు గుజరాతు నుంచి వచ్చాయి, నన్ను మనిషిని చేసింది మాత్రం లాజరు. శనివారం కృష్ణుడికీ ఆదివారం క్రీస్తుకూ ఒకే శ్రుతి ఇచ్చిన మహానుభావుడు. కోదండపాణి కృష్ణుడైతే లాజరు వాయించాల్సిందే. పద్యం నాలుగు పాదాలే. చివర రాగం మాత్రం నాలుగు కిలోమీటర్లు. జనం ఈలలు వేసేవారు, ఆయన కళ్ళు మూసుకుని ఇంకా లాగేవాడు. మరి ఆపేదెవరు? లాజరు. ఇక చాలనిపించగానే కాలు ఎత్తేవాడు. నా తొక్కుడు చెక్క పైకి లేచి చట్టానికి తగిలి టక్కుమనేది. జనానికి వినపడేది కాదు. పాణిగారు అక్కడికి ఆగేవాడు. నలభై ఏళ్ళు అలాగే ఆగాడు, ఎందుకు ఆగుతున్నాడో తెలియకుండానే.

లాజరు పోయాక చర్చి మూల ఆరేళ్ళు పడి ఉన్నాను. హైమవతి పాస్టరు గారిని అడిగి నన్ను తెచ్చుకుంది. ఈమెది వింత పిచ్చి. హైదరాబాదులో జపాను భాష నేర్చుకుని, వాళ్ళ ప్రాచీన కవితలను తెలుగులోకి తెచ్చి పాటలు కడుతుంది. టాంకా అంటే అయిదు పాదాలు, ముప్పైఒక్క అక్షరాలు, అంతే. అయిదక్షరాల పాదానికి ఖండ నడక, ఏడక్షరాల పాదానికి మిశ్ర నడక వేసింది. వెయ్యేళ్ళ కిందట రాణివాసంలో ఒకావిడ రాసిందట, పేరు కూడా మిగల్లేదు:

వాన వెలిసె
నీవు వెళ్ళిన దారి
తడి ఆరింది
చేతిలోని గొడుగు
మూయలేదు నేనింకా

దీని తర్వాత రాగం ఒక్క ఊపిరి, ఆ పైన మౌనం. మౌనానికి కూడా స్వరం రాసిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇంతకీ పాడటానికి పాణిగారే ఎందుకంటే, హైమవతి చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని విన్న గొంతు అదేనట. ఆ గొంతులో ఇప్పుడు కాయ లేచింది. సోమవారం ఆపరేషను, తర్వాత మాట మిగులుతుంది గానీ పాట మిగలదని డాక్టరు చెప్పేశాడు. ఆయన పథ్యం అన్నాడు, ఈయన పద్యం అన్నాడు. ఊరూరా పాడిన ఆ గొంతును ఇంతవరకు ఎవరూ రికార్డు చేయలేదు. గుంటూరు స్టూడియోలో శనివారం సాయంత్రం ఆరింటిదాకా మాకు సమయం దొరికింది. అదే మొదలు, అదే చివర.

మైకులో చప్పుళ్ళు పడకూడదని హైమవతి నా తొక్కుడు చెక్క మీద, చట్టానికి తగిలేచోట, పాత చీర ముక్క మడిచి కుక్కింది. నా ప్రాణం ఉసూరుమంది. చెబుదామంటే నాకున్నవి స్వరాలే, మాటలు లేవు.

మొదటి టేకు. (నేనూ టేకే, కానీ నన్నెవరూ రెండోసారి అడగరు.) పద్యం దివ్యంగా పాడాడు. రాగం ఎత్తాడు. ఊపిరి అయింది, రెండయింది, ఆరయింది. హైమవతి కాలు ఎత్తేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ఆయన మూసిన కళ్ళతో ఎక్కడికో వెళ్ళిపోయాడు. అయిదు టేకులూ అదే తంతు. అద్దాల గదిలో ఇంజనీరు సుభానీ మైకు కట్టేయడం మరిచి, ఆవిడ గొడుగు మూయలేదు సరే, ఈయన నోరెందుకు మూయడని గొణిగాడు. అది అందరికీ వినపడింది. ముందు నవ్వింది పాణిగారే. తర్వాత నవ్వలేదు.

"ఆపాలనే అనుకుంటానమ్మాయ్. ఎవరో ఆపమని చెప్పాలిగా. లాజరు చెప్పేవాడు."

"ఎలా చెప్పేవారు మాస్టారూ?"

"ఏమో. అయిపోయిందని తెలిసేది, అంతే."

గొంతు అప్పటికే బొంగురు పోతోంది. నాలుగున్నర. కాసేపు వేడినీళ్ళు తాగమని ఆయన్ని వసారాలోకి పంపి, హైమవతి నా ముందు కూలబడింది. ఇంకో గాయకుణ్ణి పిలవాలేమో అన్న మాట నోటిదాకా వచ్చినట్టుంది, మింగేసింది. ఏమీ తోచక, నలిగిపోయిన చీర ముక్కను సరిగ్గా మడుద్దామని బయటికి లాగింది. అలవాటుగా ఒకసారి తొక్కి కాలు ఎత్తింది.

టక్.

తెరిచిన తలుపు అవతల పాణిగారు కూనిరాగం తీస్తున్నాడు. కత్తితో కోసినట్టు ఆగిపోయాడు.

హైమవతి తలెత్తి చూసింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆగి, మళ్ళీ తొక్కి కాలు ఎత్తింది. టక్. మళ్ళీ ఆగాడు. మూడోసారి ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చీర ముక్కను సంచిలో పడేసి, లోపలికి రమ్మని పిలిచింది. ఆయనకేమీ చెప్పలేదు.

ఆరో టేకు. మూయలేదు నేనింకా. ఒక్క ఊపిరి రాగం. కాలు లేచింది. టక్. ఆ తర్వాత మౌనం ఎంత నిండుగా ఉందంటే, నా కడుపులో మిగిలిన గాలి కూడా బయటికి రావడానికి సిగ్గుపడింది.

చప్పుడు పడింది మేడమ్, తీసేయనా అన్నాడు సుభానీ.

"ఉంచు" అంది.

నెల తర్వాత తెనాలి గ్రంథాలయం హాల్లో ఆ పాట వినిపించారు. నన్నూ వేదిక పక్కన నిలబెట్టారు. పాణిగారి వీధి వాళ్ళంతా వచ్చారు. పాట అవగానే ముందు వరుసలో ఒక పెద్దమనిషి, చివర్లో ఏదో విరిగిన చప్పుడుందని, రికార్డింగు చెడిందని తీర్పు చెప్పాడు. పాణిగారు లేచాడు. ఇప్పుడాయనకు గుసగుసే మిగిలింది. ఆయన హైమవతి చెవిలో చెప్పడం, ఆమె పైకి చెప్పడం. టాంకా అంటే ట్యాంకు కాదని, అది జపాను వాళ్ళ చిన్న పద్యమని, తన చెవి చేసిన తప్పుకు బిందెలు తోమిన వాళ్ళందరూ క్షమించాలని. ఆ చప్పుడు తప్పు కాదని, నలభై ఏళ్ళు లాజరు కాలు తనకు ఇక చాలని చెప్పిన చప్పుడే అదని, ఈ రికార్డు విన్నాకే తనకు తెలిసిందని.

వెనక వరుసలో, అందరికంటే ముందు బిందె తోముకున్న నాంచారమ్మ నెమ్మదిగా అంది:

"అవునా నాయనా? ఆ తల్లి చివరికి గొడుగు మూసిందనుకున్నాను నేను."