నూటపదకొండు దగ్గర ఆగిన దేసిమిర్

మళ్లీ అవే మూడు గీతలు, నూటపదకొండు కిలోలు, నిన్నా అంతే, మొన్నా అంతే, నెలలు తిరిగినా అంతే, స్నానాలగదిలో కాటా మీద నిలబడి ఊపిరి వదిలి చూశాడు దేసిమిర్, ఒంటికాలి మీద చూశాడు, పెళ్లి ఉంగరం తీసి చూశాడు, అహఁ, మూడు ఒకట్లూ నిలువునా నిలబడి తన మొహానికే నామాలు పెడుతున్నాయి, పొట్టకోసం తిప్పలు పడనివాడెవడు గానీ తనవి పొట్ట కోసిన తిప్పలు, కడుపుకోత పగవాడికి కూడా వద్దంటారు, తనేమో బెల్‌గ్రేడ్ దాకా పోయి, బతిమాలి మరీ చేయించుకున్నాడు, పొట్టలో ముప్పాతిక వంతు అక్కడే వదిలేసి గుప్పెడంత పట్టుకుని తన ఊరు చాచాక్ బస్సెక్కాడు, మొదట్లో ఎంత బుద్ధిగా దిగింది బరువు, మేడ మీంచి పెళ్లికూతురు దిగినట్టు, ఇప్పుడేమో మధ్య మెట్టు మీద కూలబడి రానంటే రానంటోంది, డాక్టరమ్మ ఫోన్లో ఏమంది, కంగారుపడకండి, దీన్ని పీఠభూమి అంటాం, కొండ దిగేవాడికి మధ్యలో చదునునేల తగలదూ, ఒళ్లు కాస్త సేద తీరుతోంది అంది, పీఠభూమిట, పీట వేసుక్కూచున్న భూమి, ఇవాళ పీట అడిగింది రేపు కంచం అడగదూ, ఆ మిగిలిన గుప్పెడు పొట్టా సాగిపోయిందేమో, మళ్లీ ఎక్కడం మొదలెడుతుందేమో, కోత వృథా, మళ్లీ పండగపూట ఆ కిటికీ పక్క కుర్చీలో కూలబడటం, ఏవయ్యా, కాటా మీద కాపురం పెట్టావా, బయట పెళ్లాం రాదోయ్కా తలుపు బాదుతోంది, ఫాదర్ గారు వచ్చేశారు, పండగ రొట్టె నువ్వు కోస్తావా నన్ను కోసుకోమంటావా, వస్తున్నానే తల్లీ, కోతలంటే నేను ముందుంటానుగా.

రొట్టె కోశారు, ద్రాక్షసారా పోశారు, తమ ఇంటిని కాచే పునీత దిమిత్రి పటం ముందు పొడుగాటి కొవ్వొత్తి వెలిగింది, ఫాదర్ గారు వెళ్లారు, ఇక చుట్టాలు రావాలి, బరువు తగ్గితే పరువు పెరుగుతుందనుకున్నాడు, అసలు కోయించుకున్నదే ఇందుకు, ఆ మాట డాక్టరమ్మకి చెబితే నవ్వుతుందని మోకాళ్లనీ గురకనీ చెప్పాడు గానీ, ఇంటి పునీతుడి పండగ రోజు ఇంటాయన కూర్చోకూడదు, మొదటి చుట్టం గడప తొక్కింది మొదలు ఆఖరి చుట్టం దాటేదాకా నిలబడి వడ్డించాలి, తాత తుంటి విరిగిన ఏడు కూడా కర్ర పట్టుకు నిలబడ్డాడు, నాన్న జ్వరంతో నిలబడ్డాడు, తను మాత్రం ఎన్నేళ్లుగానో కుర్చీలో, చుట్టాలకిచ్చే తీపి గోధుమ పళ్లెం పట్టుకుని గుమ్మంలో బావమరిది తిహొమిర్, తన ఇంట్లో తన పండక్కి తనే చుట్టం, ఇదిగో ఇప్పుడూ చేతులు చాస్తున్నాడు వెధవ, మంచివాడే పాపం, ఇలా తే బావా, నువ్వు కూర్చో, ఏటా నేను చేసేదేగా, వద్దురా, కాసేపు నన్ను నిలబడనీ, కాళ్లు మొరాయిస్తే నేనే పిలుస్తాను, అన్నాడు గానీ లోపల లెక్క వేరే, గంట, మహా అయితే గంటన్నర, నూటపదకొండు మోకాళ్ల మీద అంతకన్నా ఆగదు, అప్పుడు చల్లగా పళ్లెం వాడి చేతిలో పెట్టేసి, చల్లగా కాదు, సిగ్గుతో.

వచ్చారు, వస్తూనే ఉన్నారు, పండగ చల్లగా జరగాలి ఇంటాయనా, తలా ఒక చెంచా తీపి గోధుమ, తలా ఒక గ్లాసు రాకియా సారా, తను మాత్రం పెదవి తడిపి దించేయడం, ఓరి దేసా, సగం మనిషివైపోయావు, తక్కిన సగం ఏదిరా, ఫ్రిజ్‌లో పెట్టాం, రాత్రికి వేడి చేస్తాం, గొల్లున నవ్వులు, అంతలో ఎదురింటావిడ పక్కావిడ చెవిలో, ఎక్కడ తగ్గాడమ్మా, ఎండాకాలంలోనూ ఇంతే ఉన్నాడు, అదిగో, అందరికీ తెలిసిపోయింది, నుదుటి మీద మూడు గీతలూ కనిపిస్తున్నాయి కాబోలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన సర్మాలు పొగలు కక్కుతున్నాయి, కాల్చిన పందిపిల్ల చర్మం పటపటమంటోంది, ఒకప్పుడు ఆ వాసనకే ఒక కిలో పెరిగేవాడు, పిన్నికొడుకు ల్యుబివోయె మూడో పళ్లెం ముగిస్తున్నాడు, కిటికీ పక్క కుర్చీ నిండా వాడే, ఆ కుర్చీ కిర్రుమంటే తన వెన్ను జలదరిస్తుంది, తీసుకోరా ఇంకో రెండు, చాల్లే అన్నయ్యా, చాల్లే అంటూ పళ్లెం చాస్తాడేం వీడు, సూప్ అటు, రొట్టె ఇటు, వంటింటికీ హాలుకీ మధ్య మగ్గంలో నాడెలా తిరుగుతూ, దీపాలు వేశారు, ఎవరు వేశారు, తనే వేసినట్టున్నాడు.

తలుపు తీస్తే స్తమేనా మేనత్త, పేరులోనే మేనరికం పెట్టుకు పుట్టింది, తొంభైకి దగ్గరపడింది, సీసా అడుగులంత కళ్లద్దాలు, కొండ మీది పల్లె నుంచి ఎవరిదో కారు పట్టుకుని వచ్చింది, ఎదురొచ్చిన తనని చూడనైనా చూడకుండా, ఒరేయ్ తిహొమిర్, పట్టుకో నాయనా, అని కోటూ కర్రా తన చేతుల్లో పారేసి, తడుముకుంటూ తిన్నగా కిటికీ దగ్గరికి పోయి, ల్యుబివోయె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, నోట్లో సర్మా ఉందని కూడా చూడకుండా మూడు ముద్దులు పెట్టి, దేసా, నా తండ్రీ, పండగ చల్లగా జరగాలి, కోత కోయించుకున్నావన్నారు, ఏం కోశార్రా నీ మొహం, జుట్టా, బల్ల బల్లంతా విరగబడి నవ్వింది, ల్యుబివోయెకి పొలమారింది, తిహొమిర్ వాడి వీపు చరుస్తున్నాడు, రాదోయ్కా కళ్లు తుడుచుకుంటూ, అత్తా, అది దేసా కాదు, నువ్వు కోటు ఇచ్చావే, ఆయన, ముసలావిడ వెనక్కి తిరిగి, అద్దాలు పైకెత్తి, కింద నుంచి పైదాకా తనని పరికించి, కాస్త కోపంగానే అంది, వాడెలా అవుతాడే, వాడు నిలబడి ఉన్నాడుగా.

నవ్వులు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి, తను కోటు పట్టుకుని అక్కడే, నిజమే, నిలబడే ఉన్నాడు, గంట ఎప్పుడు దాటింది, గంటన్నర ఎప్పుడు దాటింది, బయట చీకటి పడింది, కొవ్వొత్తి సగానికి దిగింది, చుట్టాలు రావడం మొదలైనప్పటి నుంచి ఒక్కసారైనా మోకాళ్లు గుర్తొచ్చాయా, తిహొమిర్‌ని పిలవాలన్న సంగతే మరిచిపోయాడు, ఎండాకాలం నుంచి ఇంతే ఉన్నాడంది ఎదురింటావిడ, ఇంతే, పెరగలేదు, ఒక పిసరైనా వెనక్కి ఎక్కలేదు, పాపం ఈ ఒళ్లు ఎక్కడా మోసం చేయలేదు, దిగీ దిగీ ఒకచోట ఆగి తనని మోయడం నేర్చుకుంటోంది, తనేమో పొద్దున్నే బట్టలిప్పి దాన్ని తిడుతున్నాడు, రేపు ఇంకో కిలో దిగితే దిగనీ, దిగకపోతే మాననీ, నవ్వొచ్చింది, నేనే అత్తా, దేసాని, అని వంగి ఆవిడ చెంపలకి మూడు ముద్దులు పెట్టాడు, వంగినవాడు అవస్థ లేకుండా లేచాడు కూడా, అయ్యో నా తండ్రీ, నువ్వేనా, మరి ఇంతసేపూ అలసిపోలేదురా, లేదత్తా, అన్నాడు, ఆ మాట అబద్ధం కాదని నోటి నుంచి వచ్చాకే తెలిసింది, ఈ బరువు ఈ కాళ్లు మోయగలిగిన బరువు, ఇది చాలు.