చామంతికి కట్టిన నక్షత్రం

ప్రతి డిసెంబరులో క్రిస్మస్‌కు మా ఇంటి ముందు వెలిగే నక్షత్రాన్ని ఈసారి సెప్టెంబరులోనే అటక మీదనుంచి దించాను. చావు జరిగిన ఇంటికి ఆ ఏడు నక్షత్రం కట్టరు. ఎందుకు కట్టలేదని అడిగేవాళ్లు కూడా ఉండరు. కాబట్టి దాని వెదురు బద్దలను ఇంకో పనికి వాడుకోవచ్చనిపించింది. మా ప్రీతి నాటిన చామంతి మొక్కకు వెలుతురు కావాలి.

ప్రీతి మాకు ఒక్కతే బిడ్డ. ఇంటర్‌లో చేరింది. వేసవి సెలవుల చివర రఘునాథపల్లిలో తన మేనమామ విన్సెంట్ చేనికి పోయి, ఒక చామంతి నారు తెచ్చి పాత పెయింటు డబ్బాలో పెట్టింది. ఆగస్టులో ప్రీతికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. దవాఖానలో చేర్చాం, రక్తం ఎక్కించారు, చర్చి సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. బిడ్డ దక్కలేదు. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

మట్టి ఇచ్చిన రోజు తర్వాత నా భార్య లిదియా సమాధుల తోట వైపు చూడలేదు. ఆ దారిలో పోవలసి వస్తే స్టేషన్ చుట్టూ తిరిగి పోయేది. నవంబరు రెండున సమాధుల పండుగ వస్తుంది. ఆ రోజు మావాళ్లంతా సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు పెడతారు. పాస్టరుగారు ఒక్కో సమాధి దగ్గర ఆగి ప్రార్థన చేస్తారు. కొత్త సమాధి అయితే తల్లీతండ్రీ ఇద్దరూ నిలబడాలి. ఎట్లా అడగాలో తెలియక రోజులు గడిపి, ఒక పొద్దున అడిగాను.

"సమాధుల పండుగకు వస్తవా?"

లిదియా చామంతి వైపు చూసింది. "అది పూస్తే వస్త, ప్రీతి డాడీ. దాని పూలు పట్టుకొని వస్త. కొన్న పూలతోని మాత్రం నేను రాను."

బిడ్డ పోయినా ఆమె నన్ను ఆ పిలుపుతోనే పిలుస్తుంది. ఆమెకు వేరే పిలుపు తెలియదు.

ఆ మాట దొరికినాక నాకు ఆ మొక్కే దిక్కైంది. కానీ దాని పరిస్థితి బాగాలేదు. పిట్టగోడ మీద ఉన్నప్పుడు కోతులు వచ్చి రెండు కొమ్మలు విరిచేశాయి. లిదియా ఏడ్చుకుంటూ దాన్ని లోపలికి తెచ్చి ప్రీతి చదువుకునే బల్ల మీద పెట్టింది. ఆ గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడే. అక్కడ ఎండ పొడ తగలదు. మొక్క పాలిపోయి, సన్నగా సాగి, కిటికీ వైపు వంగింది.

నేను దర్జీని. కాజీపేట స్టేషన్ దారిలో చిన్న దుకాణం. కరెంటు పని నాకు తెలియదు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇంట్లో మొక్కకు తెల్లని ఎల్ఈడీ బల్బులు ఎండ బదులు పనికొస్తాయట. పాతకాలపు పసుపు వెలుగు బల్బులైతే వేడికి ఆకు మాడుతుందట. బల్బు మొక్కకు జానెడు ఎత్తున ఉండాలట. ఎంతసేపు వెలిగించాలో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు. ఆ ముక్కను నేను పట్టించుకోలేదు.

మా దుకాణం పక్కన మహిపాల్‌కు ఎలక్ట్రికల్ షాపు ఉంది. బల్బులు, హోల్డర్లు అడిగితే అతను నా మొహం చూశాడు.

"ఏం పౌలన్నా, గిన్ని బల్బులు? దుకాణం ఏసీ మాల్ చేస్తానవా?"

"చెట్టుకు."

"చెట్టుకు బల్బా! రేపు మేకకు ఫ్యాన్ అడుగుతవేమో."

నేను నవ్వలేదు. అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఇంకేమీ అడగకుండా నా చేతిలోని పాత వైరు తీసుకొని చూశాడు. "ఇది ఎలుకలు కొరికిందన్నా, షాక్ కొడతది. జర కూసో," అని కొత్త వైరు కోసి, హోల్డర్లకు తనే బిగించి, చివర ప్లగ్గు పెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి నక్షత్రానికున్న ఎర్ర కాగితం చించేశాను. క్రిస్మస్ పశువుల పాక బొమ్మకు అంటించగా మిగిలిన వెండి కాగితం దాని లోపల అతికాను, వెలుతురంతా కిందికే పడాలని. బద్దలకు బల్బులు కట్టి, నక్షత్రాన్ని బోర్లించి, కిటికీ చువ్వకూ గూటి మేకుకూ నైలాన్ తాడు లాగి మొక్క మీద వేలాడదీశాను. స్విచ్ వేస్తే బల్ల మీద ప్రీతి పుస్తకాల అట్టలు కూడా తెల్లగా మెరిశాయి. లిదియా గడప దగ్గర నిలబడి చూసింది.

"ఎప్పుడు బంద్ చేస్తవ్?"

"పండుకునేటప్పుడు."

"వద్దు. చీకట్ల ఉండలేదు."

ఎవరి గురించి అన్నదో నేను అడగలేదు. ప్రీతికి చిన్నప్పటినుంచీ లైటు లేకుంటే నిద్ర పట్టేది కాదు. నాకు కూడా లిదియా మాట మంచిగానే తోచింది. పగటి వెలుతురుకే మొక్క పెరిగితే, రాత్రి కూడా ఇస్తే రెండింతలు పెరగదా? పండుగ దగ్గర పడుతోంది. అట్లా ఆ లైటు రాత్రీ పగలూ వెలిగింది.

మొక్క కోలుకుంది. వంగినది నిటారుగా లేచింది. ఆకు నల్లబడేంత పచ్చగా మారింది, విరిగిన చోట కొత్త కొమ్మలు వచ్చాయి. లిదియా పొద్దున్నే తడిగుడ్డతో ఆకులు తుడిచేది. బైబిలు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చొని చదువుకునేది. ముద్ద దిగని మనిషి నాలుగు మెతుకులు తినడం మొదలుపెట్టింది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆ లైటును చూసి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. చూసుకోనీ అనుకున్నాను.

బతుకమ్మ వచ్చింది, దసరా పోయింది. చౌరస్తాలో యాకమ్మ గంప నిండా పచ్చ చామంతులు, తెల్ల చామంతులు. మా మొక్కకు మాత్రం ఒక్క మొగ్గ లేదు. రోజూ ప్రతి కొమ్మ కొసనూ వేళ్లతో విప్పి చూసేవాణ్ణి. ఆకు లోపల ఇంకో ఆకే ఉండేది. ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను. ప్రాణం అడిగితే ఇవ్వలేదు, ఇప్పుడు పువ్వు అడుగుతున్నాను, ఇదైనా ఇవ్వరాదా ప్రభువా అన్నాను. అట్లా అడగవచ్చునో లేదో నాకు తెలియదు. నాలాంటివాడు ఇంకెట్లా అడుగుతాడు?

అక్టోబరు నడుమ ఒక మధ్యాహ్నం విన్సెంట్ వచ్చాడు. అక్కకు కొత్త బియ్యం తెచ్చాడు. మూట దించి, నీళ్లు తాగి, గదిలోకి తొంగి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏంది బావా, చామంతికి పెండ్లి పందిరి వేసినవా?"

"నువ్వు పందిరి కింద ఏనాడన్న పని చేసినవారా, నవ్వుతానవ్?" అన్నాను. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో అట్లాంటి మాట వినబడింది. లిదియా కూడా కొంచెం నవ్వింది.

విన్సెంట్ దగ్గరికి పోయి ఆకు పట్టి చూశాడు. "చెట్టయితే జబర్దస్త్ ఉన్నది. మా చేన్ల గూడ ఇట్ల లేదు. లైటు ఎప్పుడు బంద్ చేస్తరు?"

"చెయ్యం," అంది లిదియా.

"రాత్రి గూడనా?"

"రాత్రి గూడ."

అతని మొహంలో నవ్వు పోయింది. మా ఇద్దరినీ చూసి, మళ్లీ మొక్కను చూసి మెల్లగా చెప్పాడు. "బావా, చామంతి అట్ల పూయది. రాత్రులు పొడుగైతేనే మొగ్గ కడతది. అందుకే చలి ముందర పూస్తది. పూత ఆపాల్నంటేనే పెద్ద రైతులు రాత్రి చేన్ల లైట్లు పెడతరు, రేటు వచ్చిందాక ఆపుతరు. మీరు చేసింది గదే."

కుట్టు మిషన్ మీద గుడ్డను తిరగేసి కుట్టానని చివరి దారం తెంపినాక తెలిసినట్టయింది.

"ఇప్పటినుంచి బంద్ చేస్తే?"

"పండుగకు అందది. క్రిస్మస్ ముందర వస్తయేమో. పొద్దుగూకంగనే మంచిగ కప్పి పెట్టాలె. జర్రంత వెలుగు గూడ పడొద్దు."

లిదియా మొక్క దగ్గరికి వచ్చింది. "పూసినంక ఏమైతది?" అని అడిగింది.

"ఏమైతదక్కా, పూలు తెంపినంక చెట్టు ఎండుతది. మేమైతే పీకేస్తం. అడుగునుంచి పిలకలు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు."

"లైటు ఇట్లనే ఉంచితే?"

"ఇట్లనే ఆకులు వేసుకుంట ఉంటది."

ఆమె తలూపి, తమ్మునికి అన్నం పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

విన్సెంట్ వెళ్లినాక నేను చాలాసేపు ఆ మొక్క ముందే కూర్చున్నాను. పాటల్లో, ప్రార్థనల్లో మేము ఎప్పుడూ వెలుగే అడుగుతాం. చీకటిని తీసివేయమంటాం. సృష్టి మొదటి రోజున దేవుడు చీకటిని పారేయలేదు, దానికీ ఒక పేరు పెట్టి పక్కన ఉంచాడు. ఎందుకు ఉంచాడని నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. మొగ్గ చీకట్లోనే కడుతుందని తెలిసినప్పుడు ఓదార్పు కలగాలేమో. నాకు కలగలేదు. బిడ్డను పెట్టిన చోటి చీకటి గుర్తొచ్చింది. అక్కడ ఏం కడుతుంది?

ఆ సాయంత్రం దుకాణంనుంచి కోటు లోపల వేసే నల్లటి లైనింగ్ గుడ్డ తెచ్చాను. రెండు పొరలు కలిపి సంచిలా కుట్టి, లైటు ఆర్పి, మొక్క మీద దింపాను. లిదియా చూస్తూనే ఉంది, అడ్డు చెప్పలేదు. క్రిస్మస్‌కు పూసినా చాలు, అప్పుడు ఇద్దరం పోదాం అనుకున్నాను. తెల్లారి చూస్తే సంచి మడత పెట్టి కుర్చీ మీద ఉంది. లైటు వెలుగుతోంది. ఆకులు తుడవడానికి తీసిందేమో అనుకొని ఆ సాయంత్రం మళ్లీ కప్పాను. మరునాడూ అంతే. ఇస్త్రీ చేసినట్టు మడిచి పెట్టింది.

చాయ్ తెచ్చినప్పుడు అడిగాను.

"నువ్వేనా తీస్తాంది?"

"నేనే."

"పూయాల్నంటే కప్పాలె గద, లిదియా. విన్సెంట్ చెప్పిండు గద."

"విన్న." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "పూస్తే ఏం చేస్తవ్? తెంపి తీస్కపోయి ఆడ పెడతవ్. రెండు దినాలకు వాడుతయి. ఇది గూడ ఎండుతది. అటెనక నాకేముంటది?"

"మాటిచ్చినవ్."

"ఇచ్చిన. పూస్తే వస్తనన్న." ఒక ఆకు మీది దుమ్మును బొటనవేలితో తుడిచింది. "నేను దీన్ని పూయనియ్య."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. పాస్టరుగారిని తీసుకొచ్చి చెప్పించాలా అని ఆలోచించాను. ఆయన వచ్చి ఏం చెబుతారు? మొక్కను చీకట్లో పెట్టు తల్లీ అని చెబుతారా? బిడ్డను ఒకసారి పెట్టి వచ్చినవాళ్లం. ఇంకోసారి పెట్టమంటే ఏ తల్లి పెడుతుంది?

నల్ల సంచిని దుకాణానికి తీసుకుపోయి కుట్లు విప్పేశాను. ఆ గుడ్డ ఎవరిదో కోటుకు పనికొచ్చింది.

సమాధుల పండుగ పొద్దున నేనొక్కణ్ణే బయలుదేరాను. లిదియా నా చొక్కాకు ఇస్త్రీ చేసి ఇచ్చింది. గేటు దాకా కూడా రాలేదు. యాకమ్మ గంప దగ్గర ఆగితే ఆమె తెల్ల చామంతులు దోసిళ్లతో సంచిలో పోసింది. "అమ్మ రాలేదా, పౌలన్నా?" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే ఇంకో గుప్పెడు వేసింది.

సమాధుల తోట నిండా జనం. పిల్లలు కొవ్వొత్తులు ఆరిపోకుండా చేతులు అడ్డం పెడుతున్నారు. మా ప్రీతి సమాధికి ఇంకా సిమెంటు చేయించలేదు. వానలకు మట్టి ఒక పక్కకు కుంగింది. చేతులతో ఎగదోసి సరిచేసి పూలు పరిచాను. నేను కొన్న పూలు అవి. ఎవరి చేనివో తెలియదు. పాస్టరుగారు వచ్చి లిదియా కోసం చుట్టూ చూశారు.

"అమ్మగారు?"

"పానం మంచిగ లేదయ్యా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. పునరుత్థానం గురించి, నిరీక్షణ గురించి చెప్పారు. నేను ఆ మాటలు నమ్ముతాను. చిన్నప్పటినుంచీ నమ్ముతున్నాను. ఆ రోజు కూడా అన్నింటికీ ఆమేన్ అన్నాను. కానీ నా పక్కన ఒక మనిషి నిలబడవలసిన జాగా ఖాళీగా ఉంది. ఎన్ని ఆమేన్లు అన్నా అది ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చేసరికి లిదియా ఆ గదిలోనే ఉంది. అక్కడ ఎవరెవరు వచ్చారని అడగలేదు. నా చేతి గోళ్లలో మట్టి చూసి, మొహం తిప్పుకొని మొక్కను చూపించింది.

"కొసలు బల్బుకు తల్గుతానయి. జర పైకి కట్టు, ప్రీతి డాడీ."

చేతులు కడుక్కొని వచ్చి స్టూలు ఎక్కాను. కిటికీ చువ్వ దగ్గరి ముడి బిగుసుకుపోయి ఉంది, పళ్లతో లాగవలసి వచ్చింది. లిదియా కింద నిలబడి నక్షత్రం ఊగకుండా రెండు చేతులతో పట్టుకుంది. తాడు లాగి, దాన్ని ఇంకో జానెడు పైకి కట్టాను.